దొరగారి పుస్తకం

మార్చి 3, ఆదివారం

అమ్మాయి గురువారం సాయంత్రం రెండు పెట్టెలతో వచ్చింది. ఇంక ఆ ఇంటికి వెళ్లనంది. మా ఆవిడ లోపలి గదిలో మంచం మీద దుప్పటి మార్చింది. నేను పెట్టెలు మోశాను. ఒకదానికి చక్రం ఊగిపోతోంది, బిగించాను.

ఇరవై ఎనిమిదేళ్లుగా లిఫ్టులు తనిఖీ చేసి రిపోర్టులు రాస్తున్నవాణ్ణి. ఏది రాయాలన్నా ముందు స్థితిగతులు రాసుకోకపోతే చెయ్యి కదలదు. కాబట్టి రాస్తున్నాను.

బండి: పాత బ్రిటిష్ స్పోర్ట్స్ కారు. రెండే సీట్లు, పైకప్పు గుడ్డది, చక్రాలకి సైకిలు చక్రంలా పుల్లలు. పేరు మేం పెట్టుకున్నదే, దొరగారు. దొరగారి సొంత ఇంజను ఎప్పుడో కాలం చేసింది. ఇప్పుడున్నది జపాను ఇంజను, దానితోపాటే వచ్చిన అయిదు గేర్ల డబ్బా. ముందు బ్రేకులు ఇంకో బండివి. సీట్లు మరో బండివి. పైకి మాత్రం దొరే.

యజమానులు: నేనూ, బావగారూ. ఆయన టెలిఫోన్ ఎక్స్ఛేంజిలో పనిచేసి రిటైరయ్యారు. తొమ్మిదేళ్ల కిందట ఇద్దరం కలిసి దీన్ని కొన్నప్పుడు ఒరేయ్ అంటే ఒరేయ్ అనుకునేవాళ్లం. మూడేళ్ల కిందట మా అమ్మాయిని వాళ్లబ్బాయికి ఇచ్చాక వియ్యంకులమై, బావగారూ, మీరూ అయ్యాం. ఒక వారం బండి నా దగ్గర, ఒక వారం ఆయన దగ్గర. ఆదివారం ఉదయం తొమ్మిదింటికి, రెండిళ్లకీ మధ్యలో అద్దెకి తీసుకున్న షెడ్డులో అప్పగింత. ఇంజనూ బ్రేకులూ నావి. కరెంటు ఆయనది. ఒకరి పనిలో ఒకరు వేలు పెట్టకూడదు.

పుస్తకం: బండి తీసినవాళ్లెవరైనా సరే, తేదీ, కిలోమీటర్లు, పని, లోపాలు రాయకుండా తాళం షెడ్డులోని కొక్కేనికి తగిలించకూడదు. పిల్లలు తీసినా అంతే. అప్పగింతప్పుడు మేమిద్దరం కింద ‘చూశాను’ అని సంతకం పెడతాం. ఆయన పెట్టేసి ఊరుకుంటారు. నేను చదివిన ప్రతి వాక్యం పక్కనా ఎర్ర పెన్సిలుతో చిన్న టిక్కు కూడా పెడతాను. అది ఉద్యోగం నేర్పిన రోగం.

ఈ ఉదయం బావగారు నాకంటే ముందే వచ్చి ముందు చక్రం వైపు చూస్తూ నిలబడ్డారు.

“పిల్లలు ఒక్క మాటైనా చెప్పలేదు బావగారూ,” అన్నారు.

“మాకూ అంతే. ఒక్క మాట చెబితే ఏదో ఒకటి చూసేవాళ్లం,” అన్నాను.

“చెప్పకపోతే మనకేం తెలుస్తుంది?”

“ఎలా తెలుస్తుంది?”

తాళం ఇచ్చాను. సంతకాలు పెట్టాం. ఆయన వెళ్తుంటే ఎడమ సిగ్నలు వెలగలేదు. అది ఆయన పని కాబట్టి అరిచి చెప్పలేదు.

మార్చి 5

పదకొండు లిఫ్టులు. అన్నీ బాగున్నాయి.

మార్చి 8, శుక్రవారం

మా ఆవిడ ఇవాళ విషయం చెప్పింది. అల్లుడు కొట్టడు, తిట్టడు, తాగడు. కోపం వస్తే మాట్లాడడం మానేస్తాడట. ఒక రోజు, రెండు రోజులు కాదు, వారాలు. ఒకసారి రెండు నెలలట. అదే ఇంట్లో ఉంటూ, అదే బల్ల దగ్గర తింటూ, అమ్మాయి ఏం చెప్పినా గోడకి చెప్పుకున్నట్టే. కోపం ఎందుకో కూడా చెప్పడట.

“మాట్లాడకపోవడం కూడా ఒక తప్పేనా?” అన్నాను.

మా ఆవిడ నా వైపు చాలాసేపు చూసింది. “మీకు తప్పనిపించదు లెండి,” అంది.

తర్వాత అసలు సంగతికి వచ్చింది. ఆ ఇంటితో తెగిపోయాక ఆ బండి ఇక్కడికి రాకూడదట. ప్రతి ఆదివారం నేను అల్లుడి తండ్రితో షెడ్డులో నవ్వుకుంటూ కూర్చుంటే పిల్లకి ఎలా ఉంటుందో ఆలోచించమంది. బండిని అమ్మేయాలి, లేదా నా వాటా కూడా కొనుక్కుని ఆయన్నే ఉంచుకోమనాలి.

నాకు ప్రత్యేకంగా ఏమీ అనిపించలేదు. బండి అంటే ఇనుమే కదా. అయినా పిల్ల ముందే నోరు విప్పి ఉంటే ఇంతదాకా వచ్చేది కాదు. ఓసారి, పోయిన ఏడాది వేసవిలో అనుకుంటా, బండిలో నా పక్కన కూర్చుని ఏదో చెప్పబోయింది. అప్పుడే వెనక చక్రం వైపు టకటక మొదలైంది. “ఆగమ్మా, ఆ శబ్దం విననీ,” అన్నాను. చక్రం బిగించే పెద్ద నట్టు ఒక పావు చుట్టు వదులైంది. మంచిదైంది, అప్పుడే పట్టుకున్నాం. తర్వాత ఏం చెప్పబోయావని అడిగితే ఏం లేదంది. ఆడపిల్లలు అంతే, మనసులో మాట కడుపులోనే పెట్టుకుంటారు.

మార్చి 10, ఆదివారం

తొమ్మిదింటికి వెళ్లేసరికి బండి షెడ్డులో ఉంది, తాళం కొక్కేనికి ఉంది, బావగారు లేరు. పుస్తకంలో: “64 కి.మీ. ఆస్పత్రికి, బీపీ. రేడియేటరు ఫ్యాను ప్లగ్గు కాస్త కాలింది, వచ్చే వారం మారుస్తాను. సిగ్నలు సరిచేశాను.” టిక్కులు పెట్టాను. సంతకం పెట్టాను.

తొమ్మిదేళ్లలో ఆదివారం ఆయన రాకపోవడం ఇదే మొదటిసారి. ఆయనకి వీలు పడలేదేమో.

మార్చి 13

ఆయనకి నా ఎదుటపడడం కష్టంగా ఉన్నట్టుంది కాబట్టి, ఫ్యాను ప్లగ్గు నేనే మార్చాను. ఎర్రతీగకి ఎర్రతీగ, నల్లతీగకి నల్లతీగ. చిన్నపిల్లలు కూడా చేసే పని. ఇన్నాళ్లూ కరెంటు పని అంటూ ఏదో బ్రహ్మవిద్యలా చెప్పేవారు.

మార్చి 14

నాలుగు కిలోమీటర్లు పోయానో లేదో, వేడిముల్లు పైకి ఎక్కి అక్కడే కూర్చుంది. మూత కిందనుంచి ఆవిరి. బండిని ఒక చెప్పుల దుకాణం ముందు ఆపి, చల్లారేదాకా ఫుట్‌పాత్ మీద నిలబడ్డాను. వచ్చేపోయేవాళ్లు ముందు బండిని మెచ్చుకుని తర్వాత నన్ను చూసి జాలిపడ్డారు. ఫ్యాను తిరుగుతూనే ఉంది. నీళ్లు ఉన్నాయి. బెల్టు బాగానే ఉంది. ఇంజను నాది కాబట్టి లోపం నా వైపే అనుకుని, ఇంటికొచ్చాక థర్మోస్టాట్ మార్చాను. తగ్గలేదు.

అమ్మాయి గుమ్మంలో నిలబడి చూసింది. “పెద్దాయన్ని అడగొచ్చుగా నాన్నా?” అంది. పెళ్లయిన కొత్తలోనే మామగారిని అలా పిలవడం మొదలుపెట్టింది.

“అవసరం లేదమ్మా,” అన్నాను. లోపలికి వెళ్లిపోయింది.

మార్చి 17, ఆదివారం

తొమ్మిదికి బదులు ఎనిమిదింటికే వెళ్లి బండి పెట్టేసి వచ్చాను. లోపాలు: ‘మామూలే’ అని రాశాను. ఫ్యాను సంగతి రాయలేదు.

మార్చి 20

తొమ్మిది లిఫ్టులు. ఒకదానిలో తలుపు మూసుకునే ముందు ఆగుతోంది. వాడొద్దని చీటీ అంటించాను. ఆ బిల్డింగులో ఒక ముసలాయన, “మీరు సంతకం పెట్టారంటే మాకు ధైర్యం సార్,” అన్నాడు.

మార్చి 24, ఆదివారం

మళ్లీ ఆయన లేరు. పుస్తకంలో: “ఫ్యాను వెనక్కి తిరుగుతోంది. సరిచేశాను. గమనిక: ఈ బండి పుట్టినప్పుడు బ్యాటరీ ప్లస్సును బాడీకి కలిపేవారు. ఇంజను మార్చినప్పుడు నేను దాన్ని తిరగేశాను, తీగలు పాతవే ఉంచాను. కాబట్టి ఇందులో కరెంటు నల్లతీగలో వస్తుంది. ఎర్రది బాడీకి. ముందే రాసి పెట్టాల్సింది. తప్పు నాది.”

నాది అన్న మాట కింద గీత కూడా గీశారు. ఫ్యాను ఎవరు కెలికారని అడగలేదు. మేమిద్దరమే కదా ఉన్నది, అడగడానికేముంది.

షెడ్డులో స్టూలు మీద కాసేపు కూర్చున్నాను. ఆయన స్టూలు ఎదురుగా ఖాళీగా ఉంది. ఆయనుంటే ఈ ఫ్యాను కథ మాకు ఒక ఏడాదికి సరిపోయేది. “లిఫ్టుల ఇన్‌స్పెక్టరు గారు దొరకి వెనకనుంచి విసిరారు” అని కనీసం ఇరవైసార్లు అనేవారు. ఆయన లేకపోవడం నాకు బాధగా ఉంది. ఇది మా ఆవిడకి చెప్పేది కాదు.

మార్చి 26

‘అమ్మేద్దామంటోంది మా ఇంట్లో’ అని నిన్న పుస్తకంలోనే రాసి, బండితో సహా షెడ్డులో వదిలి వచ్చాను. ఇవాళ చూస్తే కింద: ‘మా ఇంట్లోనూ అదే మాట. అభ్యంతరం లేదు.’ బండి లోపల అద్దం తుడిచి ఉంది.

మార్చి 31, ఆదివారం

బండి కొనడానికి ఒక పళ్ల డాక్టరు వచ్చాడు. ఆయన కోసం ఇద్దరం ఒకే సమయానికి రాక తప్పలేదు. డాక్టరు నోరు తెరిపించి చూసినట్టే బానెట్ తెరిపించి టార్చి వేసి చూశాడు. అంతా నచ్చింది. ఏయే మార్పులు ఎప్పుడు చేశారో ఒక జాబితా కావాలన్నాడు. పుస్తకం నుంచి రాసిస్తానన్నాను. పదో తేదీన వచ్చి తీసుకెళ్తానన్నాడు.

డాక్టరు వెళ్లాక ఇద్దరం మిగిలాం. బావగారు చిక్కారు. షర్టు కాలరు వదులుగా ఉంది.

“వాణ్ణి అడిగాను,” అన్నారు. “వాడూ చెప్పడు. అసలు వాడికి మాట్లాడ్డం ఎవరు నేర్పారో, ఎవరు మాన్పించారో నాకు తెలీదు బావగారూ.”

“అమ్మాయీ అంతే. ఒక్క మాటైనా మనకి చెప్పలేదు.”

“చెప్పి ఉంటేనా,” అన్నారు ఆయన.

“చెప్పి ఉంటేనా,” అన్నాను నేను.

ఆ మాట అనుకున్నాక ఇద్దరికీ కొంచెం తేలికపడింది. ఆయన ఫ్లాస్కులోంచి టీ పోశారు. ఇద్దరం ఒకే మూతలో తాగాం. పిల్లల గొడవ పిల్లలది, మనం మనమే అన్నట్టుగా ఉంది. బండి పోయినా అప్పుడప్పుడు ఇలా కలవొచ్చని ఆయనే అన్నారు. నాకు సంతోషం వేసింది. మేమిద్దరం ఏ పాపం ఎరగని వాళ్లం కదా, మమ్మల్ని ఎవరేమంటారు?

ఏప్రిల్ 3, బుధవారం

సెలవు పెట్టి జాబితా మొదలుపెట్టాను. తొమ్మిదేళ్ల పుస్తకం. మొదటి పేజీలో మా చేతిరాతలు ఎంత కుదురుగా ఉన్నాయో. ‘క్లచ్ ప్లేటు.’ ‘వెనక స్ప్రింగు.’ ‘పైకప్పు కారుతోంది, దొరగారికి జలుబు.’ మధ్యాహ్నానికి పోయిన ఏడాదిలోకి వచ్చాను.

జూన్ 11. అమ్మాయి చేతిరాత.

“38 కి.మీ. పని: ఊరికే. లోపాలు: బండికి ఏమీ లేదు. నేనే బాగాలేను. ఆయన నాతో మాట్లాడి నలభై రోజులైంది. నాకు భయంగా ఉంది. ఇది చదివినవాళ్లు ఒకసారి ఫోన్ చేయండి.”

కింద బావగారి ‘చూశాను’. దాని కింద నా ‘చూశాను’. ఆ తర్వాతి వరసలో నా చేతిరాత: ‘హారన్ కీచుమంటోంది. విప్పి శుభ్రం చేశాను.’

సంతకం పెట్టాను. అంటే చదవకుండా పెట్టాననే కదా. లిఫ్టు విషయంలో ఇలా చేస్తే ఉద్యోగం ఊడుతుంది. బావగారూ అంతే చేశారు. ఇద్దరం పొరపాటు పడ్డాం. పొరపాటే.

జాబితా ఆపేశాను.

ఏప్రిల్ 4

ఆ వారం నాకు జ్వరం. కళ్లు సరిగ్గా ఆని ఉండవు.

ఏప్రిల్ 5, శుక్రవారం

జ్వరం వచ్చింది ఆగస్టులో. మందుల చీటీ దొరికింది.

గుమ్మడికాయల దొంగ ఎవరంటే భుజాలు తడుముకుంటున్నది నేనే, అదీ ఎవరూ అడగకముందే. ఇది నేను తప్ప ఎవరూ చదవని డైరీ. ఇందులో కూడా అబద్ధం రాస్తే నిజం ఇంకెక్కడ రాస్తాను?

టిక్కులు ఉన్నాయి. మొన్న ఆ పేజీ తెరిచిన క్షణంలోనే చూశాను. ఎర్ర పెన్సిలువి. కిలోమీటర్లకి ఒకటి, పనికి ఒకటి. లోపాల కింద ఒక్కో వాక్యానికీ ఒక్కోటి. ‘నాకు భయంగా ఉంది’ పక్కన కూడా ఉంది.

నాకు అంతా గుర్తుంది. షెడ్డులో కిటికీ దగ్గర నిలబడి చదివాను. వాళ్లమ్మకి చెప్పుకుంటుందిలే అనుకున్నాను. మొగుడూ పెళ్లాల మధ్య తలదూర్చడమెందుకు, రెండు రోజుల్లో వాళ్లే సర్దుకుంటారు అనుకున్నాను. పైన బావగారి సంతకం ఉంది కదా, కొడుకు ఆయన కొడుకు కదా, ఆయనే చూసుకుంటారనుకున్నాను. అన్నిటికంటే ముందు అనుకున్నది వేరు. ఇది ఎత్తితే వచ్చే ఆదివారం ఆయనా నేనూ ఎలా కూర్చుంటాం అనుకున్నాను. తర్వాత హారన్ విప్పాను. అది కీచుమనడం లేదు. బాగానే ఉంది.

నెల రోజులుగా ఈ డైరీలో ‘పిల్ల చెప్పలేదు’ అని రాస్తూ వచ్చాను. నాకు సిగ్గుగా ఉంది.

ఏప్రిల్ 6, శనివారం

మా ఆవిడ బజారుకి వెళ్లినప్పుడు అమ్మాయి గదికి వెళ్లాను. ఏదో ఉద్యోగానికి దరఖాస్తు నింపుతోంది. పుస్తకం ఆ పేజీ దగ్గర తెరిచి బల్ల మీద పెట్టాను.

చూసింది. పెన్ను మూత పెట్టింది. “ఇప్పుడు కనబడిందా?” అంది.

“లేదమ్మా. అప్పుడే చదివాను.”

“తెలుసు నాన్నా.”

నేను నిలబడే ఉన్నాను.

“తర్వాతి వారం షెడ్డుకి వెళ్లి చూశాను. టిక్కులు ఉన్నాయి. హమ్మయ్య, నాన్న చదివాడు అనుకున్నాను. పది రోజులు ఫోన్ చేతిలోనే పెట్టుకుని తిరిగాను, స్నానానికి వెళ్లినా తలుపు బయటే పెట్టుకునేదాన్ని. తర్వాత అర్థమైంది.”

“అమ్మకి చెప్పాల్సింది.”

“అమ్మ ఏడుస్తుంది. నువ్వైతే బాగుచేస్తావనుకున్నాను. అయినా మీరిద్దరూ శ్రద్ధగా చదివేది ఆ పుస్తకం ఒక్కటే కదా. అంతకుముందు నోటితో చెప్పబోతే చక్రం శబ్దం విన్నావు.”

గొంతు పెంచలేదు. ఏ రోజు ఏ బస్సు ఎక్కిందో చెప్పినట్టు చెప్పింది. నాకు అదే ఎక్కువ కష్టమైంది. క్షమించమని అడిగాను. ఆ మాట నేను ఇంట్లో ఎవరితోనూ ఎప్పుడూ అనలేదు. సరిగ్గా రాలేదు, మళ్లీ అన్నాను.

“సరేలే,” అంది. క్షమించానని కాదు. విన్నానని.

“పెద్దాయనకి తెలుసా?” అని అడిగింది.

“రేపు చెబుతాను.”

“ఆయన అసలు చదవడు నాన్నా. ఒకసారి ‘బండిలో పులి దూరింది’ అని రాశాను. సంతకం పెట్టేశారు.”

ఆ పేజీ కూడా చూపించింది. నిజమే. పులి పక్కన నా టిక్కు కూడా ఉంది. అది నేను పిల్ల సరదా అనుకుని ఉంటాను.

ఏప్రిల్ 7, ఆదివారం

తొమ్మిదింటికి బావగారు వచ్చారు, ఫ్లాస్కుతో. నేను టీ పోయనివ్వలేదు. ముందు ఇది చదవండి అన్నాను.

కళ్లజోడు పెట్టుకుని చదివారు. వేలు కింద పెట్టుకుని మళ్లీ చదివారు. తర్వాత స్టూలు మీద కూర్చున్నారు.

“నేను చదవలేదు బావగారూ,” అన్నారు. “ఎప్పుడూ చదవను. మీరు ప్రతి అక్షరం చదువుతారు కదా, ఏదైనా ఉంటే మీరే చెబుతారని ధీమా.”

నేను ఆయన చూసుకుంటారనుకున్నాను, ఆయన నేను చూసుకుంటాననుకున్నారు. ఇద్దరు కాపలా ఉన్నచోటే దొంగతనం జరిగింది.

ఆయన చూపు ఎర్ర టిక్కుల మీద ఆగింది. తర్వాత నా మొహం చూడకుండానే అన్నారు, “టిక్కులు వాటంతటవే పడిపోయి ఉంటాయి లెండి. అలవాటైన చెయ్యి కదా.”

అవునంటే సరిపోయేది. ఆయన తలుపు తీసి పట్టుకున్నారు, నేను లోపలికి నడవడమే తరువాయి. మేమిద్దరం మళ్లీ ఏమీ తెలియనివాళ్లమయ్యేవాళ్లం. బండి పోయినా టీ మిగిలేది.

“లేదు. చదివాను,” అన్నాను. “అర్థమైంది కూడా. మన ఆదివారాలు పోతాయని ఊరుకున్నాను.”

ఆయన కళ్లజోడు తీసి తుడుచుకున్నారు. తుడుచుకుంటూనే ఉన్నారు.

“నాకు చెప్పి ఉంటే వాణ్ణి కూర్చోబెట్టి అడిగేవాణ్ణి,” అన్నారు చివరికి. “ఏమో. అడిగేవాణ్ణి కాదేమో కూడా. నేనూ వాడి తండ్రినే,” అన్నారు.

తన తాళాల గుత్తిలోంచి బండి తాళం తీయడానికి అవస్థపడ్డారు. గోరు విరిగింది. నేను సాయం చేయబోతే వద్దన్నారు. తీసి, కొక్కేనికి తగిలించారు.

“అమ్మాయికి చెప్పండి,” అని మొదలుపెట్టి ఆగిపోయారు. “వద్దు. నేనే చెబుతాను. ఆ పిల్ల ఒప్పుకుంటే వచ్చి చెబుతాను.”

ఫ్లాస్కు మర్చిపోయి వెళ్లారు. వెనక్కి పిలవలేదు. మేమిద్దరం ఇంక మునుపటిలా కూర్చోమని నాకు తెలుసు. ఆయనకీ తెలుసు. తొమ్మిదేళ్ల స్నేహం, ఏడుపు వచ్చింది, ఏడ్చాను.

ఏప్రిల్ 8

ఆగిన జాబితా పూర్తిచేశాను. పళ్ల డాక్టరుకి ఫోన్ చేసి సిద్ధమని చెప్పాను. పుస్తకం కూడా కావాలన్నాడు. పుస్తకం ఇవ్వను, అది మా ఇంటిది అన్నాను. సరేనన్నాడు.

ఏప్రిల్ 9, మంగళవారం

రేపు ఉదయం డాక్టరు వస్తాడు. మధ్యాహ్నం బండి ఆఖరిసారి తీస్తుంటే అమ్మాయి వచ్చి పక్క సీట్లో కూర్చుంది. నేను పిలవలేదు. మా ఆవిడ గుమ్మంలోంచి చూసింది, ఆపలేదు.

పైకప్పు దించాను. ఊరి చివర గిడ్డంగులు దాటాం. ఆ తర్వాత ఆమె చెప్పడం మొదలుపెట్టింది. మొదటి ఏడాది నుంచి. నేను గేరు తగ్గించి నెమ్మదిగా పోనిచ్చాను.

ఇంకాస్త ముందుకెళ్లాక, ఒక గోధుమ రంగు గోడౌను దగ్గర వెనకనుంచి టకటక మొదలైంది. అదే చక్రం. అదే నట్టు అయి ఉంటుంది, ఒక పావు చుట్టు. నా చెవి దానంతట అదే అటు తిరిగింది. దాన్ని కొట్టి బిగించే సుత్తి సీటు వెనకే ఉంది.

ఆమె ఆగింది. “ఏదో శబ్దం వస్తోంది నాన్నా,” అంది.

బండి రోడ్డు పక్కకి తీసి ఇంజను ఆపేశాను. శబ్దం పోయింది. దిగలేదు.

“నువ్వు చెప్పు,” అన్నాను.

చెప్పింది. పొద్దు వాలేదాకా చెప్పింది. ఏం చెప్పిందో ఇక్కడ రాయను, అది నా డైరీలో ఉండాల్సింది కాదు. అంతా అయ్యాక ఇద్దరం దిగాం. ఆమె చక్రం పట్టుకుంటే నేను నట్టు బిగించాను.

షెడ్డుకొచ్చి తాళం కొక్కేనికి తగిలించబోతే, “పుస్తకం రాయలేదు,” అని గుర్తుచేసింది. తనే రాసింది. 22 కి.మీ. పని: ఊరికే. లోపాల దగ్గర చక్రం సంగతి రాసి, పెన్నూ పుస్తకమూ నాకు ఇచ్చింది. నేను చదివాను. ఎర్ర పెన్సిలు జేబులోనే ఉంది. తీయలేదు. చదివింది పైకి చదివి వినిపించి, ఇంకేమైనా ఉందా అని అడిగాను.

“ఇవాల్టికి ఇంతే,” అంది.